పాత కంప్యూటరుకు కొత్త డిస్కు: దోషమెక్కడ?

పాత యంత్రమునకు కొత్త భాగమును అమర్చినప్పుడు అది పనిచేయకపోయినచో, తప్పును కొత్త భాగముపై మోపుట లోకసహజము. కాని దోషమెక్కడ ఉన్నదో వెదకుటకు ముందు వేరొక ప్రశ్న వేసికొనవలెను. ఈ కొత్త భాగము పాతదానిని ఎంతవరకు అనుకరించుచున్నది? పాతది ఇచ్చిన ఫలితమును మాత్రమే ఇచ్చుచున్నదా, లేక దాని నడవడి నంతటిని పట్టుకొన్నదా? ఈ సంగతి తేల్చుకొనకుండ చేయు మరమ్మతు 'రోగమొకటి, మందొకటి' అగును.

ఈ విషయమును పరిశీలించుటకు కమొడోర్ 64 అను గృహ కంప్యూటరు మంచి ఉదాహరణము. ఇది 1982లో అమెరికాలో విడుదలైనది. కోటికి పైగా అమ్ముడుపోయినదని అంచనా. దీనిని తయారుచేసిన సంస్థ 1994లో దివాలా తీసినది. అయినను అమెరికా, ఐరోపా దేశములలో ఎందరో అభిమానులు ఈ యంత్రములను నేటికిని నడుపుచున్నారు. ఆనాటి డిస్కు డ్రైవులు అరిగిపోవుచుండుట చేతను, అయస్కాంతపు పూత గల డిస్కులు చెడిపోవుచుండుట చేతను, వాటికి మారుగా కెమెరాలలో వాడు చిన్న మెమరీ కార్డును స్వీకరించు ఉపకరణములు వాడుకలోనికి వచ్చినవి. అరచేతిలో ఇమిడిపోవు ఇట్టి ఉపకరణము వేలకొలది డిస్కుల సరకును మోయగలదు. చప్పుడు చేయదు. కదలు భాగములు లేవు గనుక అరగదు.

ఈ గుణములన్నియు నిజమే. కాని వీటిని అమ్మువారు అన్నింటిని 'డ్రైవుకు మారు' అని ఒకే పేరుతో పిలుచుటయు, వీటి మరమ్మతు బోధించువారు అన్నింటికిని ఒకే చిట్కాల పట్టికను చేతికిచ్చుటయు విమర్శింపదగినవి. మొదటిది చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనుట. రెండవది రోగిని చూడకుండ మందు వ్రాయుట.

డ్రైవులో మరొక కంప్యూటరు

కమొడోర్ 64కు తోడుగా వచ్చిన డిస్కు డ్రైవు పేరు 1541. దీనిని ఇతర యంత్రముల డ్రైవులవలె ఒక మోటారు, ఒక అయస్కాంత శిరస్సు కలిసిన పెట్టె అని తలచరాదు. దీని లోపల 6502 అను ప్రాసెసరు, 2 కిలోబైట్ల స్మృతి, 16 కిలోబైట్ల శాశ్వత ప్రోగ్రాము, రెండు 6522 చిప్పులు ఉన్నవి. అనగా ఇది స్వయముగా ఒక చిన్న కంప్యూటరు. కమొడోర్ 64 'ఫలానా ఫైలు పంపుము' అని కోరును. దానిని డిస్కుపై వెదకి, చదివి, పంపు పని యంతయు డ్రైవు తానే చేయును.

ఈ రెండింటి మధ్య సంభాషణ ఒక సన్నని తీగ ద్వారా, ఒక్కొక్క బిట్టుగా జరుగును. ఇది చాల నెమ్మదియైనది. సెకనుకు సుమారు 400 బైట్లు మాత్రమే వచ్చును. 30 కిలోబైట్ల ప్రోగ్రాము రావలెనన్న ఒకటింబావు నిమిషము పట్టును. ఈ మందగమనమునకు ఒక చరిత్ర ఉన్నది. ఇంతకు ముందటి విక్-20 కంప్యూటరులో ఈ పనిని 6522 చిప్పులోని ఒక భాగమే చేయవలసియుండెను. ఆ భాగములో లోపము బయటపడుటచే, ఒక్కొక్క బిట్టును ప్రాసెసరే పంపునట్లు మార్చిరి. కమొడోర్ 64లో ఇంకొక చిక్కు వచ్చిపడినది. తెరపై బొమ్మను గీయు చిప్పు, అక్షరముల వరుస మారినప్పుడెల్ల ప్రాసెసరును సుమారు 40 మైక్రోసెకనుల పాటు ఆపివేయును. ఆ విరామములో బిట్టు జారిపోకుండ ప్రతి బిట్టును మరింత సేపు నిలిపియుంచవలసి వచ్చినది.

ప్రోగ్రాములు వ్రాయువారు ఈ జాప్యమును సహింపలేదు. డ్రైవులో ప్రాసెసరు ఉన్నది గదా! తమ సొంత సూచనలను డ్రైవు స్మృతిలోనికి పంపి, అక్కడ నడిపించి, వేగముగా మాటలాడు వేరొక పద్ధతిని నెలకొల్పిరి. వీటినే శీఘ్రవాహక ప్రోగ్రాములు అనవచ్చును. ఇవి డ్రైవు ప్రాసెసరు ఏ క్షణమున ఏమి చేయునో మైక్రోసెకనులతో సహా లెక్కించుకొని పనిచేయును. నేటి చిక్కులలో పెక్కింటికి మూలము ఇక్కడ ఉన్నది.

మూడు తరగతుల అనుకరణము

కొత్త ఉపకరణములను ఈ దృష్టితో చూచినచో అవి మూడు తరగతులుగా విడిపోవును.

మొదటిది ఎస్‌డి2ఐఇసి అను తరగతి. వీటిలో మిక్కిలి చవకయైనది ఇదే. దీనిలో ఒక చిన్న మైక్రోకంట్రోలరు చిప్పు ఉండును. 'ఫైలు పంపుము', 'పట్టిక చూపుము' మొదలగు ఆజ్ఞలు దీనికి తెలియును. కాని దీనిలో 6502 ప్రాసెసరు లేదు. అందుచేత డ్రైవులో నడుపవలెనని పంపిన సూచనలను ఇది నడుపజాలదు. దీని రూపకర్తలు ఒక యుక్తి పన్నిరి. వచ్చిన సూచనల నన్నింటిని కలిపి ఒక సరిచూపు సంఖ్య లెక్కింతురు. ఆ సంఖ్య తమకు తెలిసిన శీఘ్రవాహకములలో ఒకదానికి సరిపోయినచో, దానికి తగిన సమాధానమును ముందే సిద్ధము చేసియుంచిన సూచనలతో ఇత్తురు. పరిచితమైన ముఖమైనచో పలుకరింపు, అపరిచితమైనచో మౌనము! శీఘ్రవాహకములో ఒక్క బైటు మారినను సంఖ్య మారును. అప్పుడు ఆట సగములో నిలిచిపోవును, తెర స్తంభించును. కొన్నవారు 'ఉపకరణము చెడినది' అందురు. అది చెడలేదు. తాను నేర్వని భాషను విన్నది.

రెండవ తరగతికి పై1541 ప్రతినిధి. రాస్బెరీ పై అను చిన్న కంప్యూటరుపై నడుచు ఈ ప్రోగ్రాము 1541 లోని ప్రాసెసరును, రెండు 6522 చిప్పులను ప్రతి మైక్రోసెకనునకును అనుకరించును. అందుచేత అపరిచితమైన శీఘ్రవాహకము వచ్చినను, అసలు డ్రైవువలెనే దానిని నడుపును. కాని దీని చిక్కులు దీనికున్నవి. అసలు డ్రైవులోని శాశ్వత ప్రోగ్రాము యొక్క నకలు కార్డుపై ఉండనిదే ఇది డ్రైవుగా మారదు. రాస్బెరీ పై తీగలు 3.3 వోల్టులవి, కమొడోర్ తీగలు 5 వోల్టులవి. నడుమ వోల్టేజిని మార్చు చిన్న పలక తప్పనిసరి. అది లేక నేరుగా కలిపినచో రాస్బెరీ పై చెడిపోవచ్చును. అంతేగాక, మీట నొక్కిన తరువాత ఇది సిద్ధమగుటకు కొన్ని సెకనులు పట్టును. తొందరపడి వెంటనే ఆజ్ఞ నిచ్చినవారికి డ్రైవు లేదన్న సమాధానమే వచ్చును.

మూడవ తరగతి కంప్యూటరు వెనుకనున్న విస్తరణ ద్వారములో దూర్చు కార్ట్రిడ్జులు. 1541 అల్టిమేట్ ఇట్టిది. ఎఫ్.పి.జి.ఏ. అను చిప్పులో, కోరిన తర్కవలయములను నిర్మించుకొనవచ్చును. దానిలో డ్రైవు వలయములనే తిరిగి నిర్మించినారు. విశ్వసనీయతలో ఇది రెండవ తరగతికి తీసిపోదు. కాని వెల ఎక్కువ. విస్తరణ ద్వారపు అంచులపై మకిలి పట్టియున్నచో కంప్యూటరే మేలుకొనదు. డ్రైవులో దోషము లేకున్నను, దోషము డ్రైవుదే అనిపించును.

ఈ మూడింటిని ఒకే త్రాసులో తూచరాదు. బేసిక్ భాష నేర్చుకొనుటకును, ఒకే ఫైలుగా నున్న ప్రోగ్రాములను నడుపుటకును మొదటి తరగతి చాలును. ఆ పనికి అది మెచ్చదగినది కూడ. కాని దానిని '1541కు సమానము' అని అమ్ముట సత్యము కాదు. వేగమును గూర్చియు ఒక భ్రమ ఉన్నది. కార్డు కొత్తది గనుక అన్నియు క్షణములో వచ్చునని ఆశింతురు. సాధారణమైన 'లోడ్' ఆజ్ఞకు వేగము పెద్దగా పెరుగదు. ఆలస్యము డిస్కులో గాక సంభాషణ పద్ధతిలో ఉన్నది గదా! కుండ ఎంత పెద్దదైనను, మూతి సన్నమైనచో నీరు సన్నగానే కారును.

ప్రతిరూపములో మిగిలినదెంత?

అనుకరణము సంపూర్ణమైనను, దానికి ఆహారముగా ఇచ్చు డిస్కు ప్రతిరూపము అసంపూర్ణము కావచ్చును. మిక్కిలి ప్రచారములో ఉన్న ప్రతిరూపము డి64 అనునది. దాని లెక్క విద్యార్థులు సులభముగా వేయవచ్చును. 1541 డిస్కుపై 35 ట్రాకులు ఉన్నవి. వెలుపలి వలయములు పొడవైనవి గనుక వాటిలో ఎక్కువ సెక్టారులు పట్టును. మొదటి 17 ట్రాకులలో ఒక్కొక్క దానిలో 21, తరువాతి 7 ట్రాకులలో 19, ఆపై 6 ట్రాకులలో 18, చివరి 5 ట్రాకులలో 17 సెక్టారులు ఉండును. మొత్తము 357 + 133 + 108 + 85 = 683. ఒక్కొక్క సెక్టారు 256 బైట్లు. కనుక ప్రతిరూపము 1,74,848 బైట్లు ఉండవలెను.

ఈ సంఖ్య ఒక చక్కని పరీక్ష. పనిచేయని ప్రతిరూపము పొడవును ముందు చూడవలెను. అది 1,74,848 ఉన్నచో సాధారణ ప్రతిరూపము. 1,75,531 ఉన్నచో 683 బైట్లు ఎక్కువ, అనగా ప్రతి సెక్టారుకును ఒక దోషసూచక బైటు చేర్చినారని అర్థము. 1,96,608 ఉన్నచో 40 ట్రాకుల ప్రతిరూపము. ఈ మూడును కాక వేరొక సంఖ్య కనబడినచో, ఫైలు మధ్యలో తెగినదేమోనని ముందుగా అనుమానింపవలెను. ఉపకరణమును విప్పవలసిన పని లేదు.

దోషసూచక బైటు ఎందుకు? 1980 దశకపు వ్యాపార డిస్కులలో నకలును అరికట్టుటకై కొన్ని సెక్టారులను కావలెననియే పాడుచేసెడివారు. ప్రోగ్రాము ఆ సెక్టారును చదువుమని డ్రైవును కోరును. 'చదువలేకున్నాను' అని జవాబు వచ్చినచో ఇది అసలు డిస్కు. చక్కగా చదివినచో ఇది నకలు! సాధారణ డి64లో ఆ దోషము నమోదు కాదు. అందుచేత దోషరహితమైన నకలే దోషియై నిలుచును. ఇట్టివాటి కొరకు డిస్కు పైనున్న బిట్టుల వరుసనే నిలుపు జి64 అను ప్రతిరూపము ఉన్నది. మొదటి తరగతి ఉపకరణమునకు అది పనికిరాదు.

డి64 నకలు తీసికొన్న వెంటనే అసలు డిస్కులను పారవేయుట అందుచేతనే తొందరపాటు. సెక్టారులలోని అక్షరములు నకలులో ఉండును. వాటి నడుమ దాగిన సంగతులు పోవును. ఒకసారి పారవేసిన డిస్కు తిరిగిరాదు.

పరిశోధనకు ఒక క్రమము

ప్రచారములోనున్న చిట్కాల పట్టికలు సాధారణముగా 'కార్డు మార్చుడు, ఉపకరణములోని ప్రోగ్రామును మార్చుడు, తీగ మార్చుడు' అని చెప్పును. ఇవి తప్పు కాదు. కాని క్రమము లేదు. మూడింటిని ఒకేసారి మార్చి బాగుపడినచో, దేనివలన బాగుపడినదో ఎన్నటికిని తెలియదు. ప్రయోగశాలలో వలె, ఒకసారికి ఒకే మార్పు చేయవలెను.

అన్నింటికంటె ముందు చూడవలసినది విద్యుత్తు. పట్టికలలో ఇది చివరకు వచ్చును, కొన్నింటిలో అసలే రాదు. వీటిపై చేయదగిన గట్టి విమర్శ ఇదే. కమొడోర్ 64 సరఫరా పెట్టె రెండు విధములైన విద్యుత్తు నిచ్చును. ఒకటి 5 వోల్టుల ఏకముఖ విద్యుత్తు, రెండవది 9 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. ఆ పెట్టెలలో చాలవాటిని గట్టి జిగురుతో నింపివేసినారు. లోపలి వేడి బయటికి పోదు. ఏండ్లు గడిచిన కొలది 5 వోల్టుల నియంత్రకము చెడును. అది చెడినప్పుడు విద్యుత్తు ఆగిపోయినచో నష్టము లేకుండెడిది. కాని వోల్టేజి పెరిగిపోవును! దానితో స్మృతి చిప్పులు మాడును. ఎస్‌డి2ఐఇసి ఉపకరణములలో పెక్కు, టేపురికార్డరు ద్వారము నుండి ఇదే 5 వోల్టులను తీసికొనును. సరఫరా తడబడినప్పుడు మొదట తప్పటడుగు వేయునది కొత్త ఉపకరణమే కావచ్చును. యజమాని దానిని నిందించి, మరొకటి తెప్పించి, పాత సరఫరాతోనే మరల మరల ప్రయత్నించును. అత్తమీది కోపము దుత్తమీద చూపుట యన్న ఇదే. ఈలోగా అసలు యంత్రము పోవును. దానిలోని ప్రాసెసరు, చిత్రము గీయు చిప్పు, ధ్వని చిప్పు తయారీ ఎన్నడో ఆగిపోయినది.

కనుక ముందు సరఫరాను కంప్యూటరుకు తగిలింపకుండ మీటరుతో కొలువవలెను. 4.75 నుండి 5.25 వోల్టుల నడుమ లేనిచో దానిని వాడరాదు. ఉన్నను నిశ్చింత పనికిరాదు. నేడు సరిగా ఉన్నది రేపు చెడవచ్చును. కొత్త సరఫరాను గాని, వోల్టేజి మించగానే తెగు రక్షణ వలయమును గాని వాడుట ఉత్తమము. పాత పెట్టెను విద్యార్థులు విప్పరాదు. దాని లోపల గోడ విద్యుత్తు ఉండును. అట్లే, కంప్యూటరు నడుచుచుండగా డ్రైవు తీగను తీయుట, పెట్టుట చేయరాదు. ఆ తీగలు నేరుగా 6526 అను చిప్పునకు చేరును. అజాగ్రత్తగా చేసిన ఒక్క తగిలింపు చాలును, అది మాడుటకు.

రెండవ మెట్టు: అన్నింటిని ఊడదీసి కంప్యూటరును ఒంటరిగా నడుపవలెను. 38,911 బైట్లు ఖాళీగా ఉన్నవని చెప్పి, తెరపై 'రెడీ' అను మాట కనబడినచో ముందుకు పోవచ్చును. లేనిచో దోషము కంప్యూటరుదే. డ్రైవు ప్రసక్తియే లేదు.

మూడవ మెట్టు: ఒక్క ఉపకరణమును మాత్రమే తగిలించి పట్టికను కోరవలెను. ఇప్పుడు యంత్రము ఇచ్చు సమాధానమును శ్రద్ధగా చదువవలెను. 'డివైస్ నాట్ ప్రెజెంట్' అన్నచో ఎవరును పలుకలేదని అర్థము. తీగ, విద్యుత్తు, ఉపకరణపు సంఖ్య ఈ మూడింటిలో దోషమున్నది. డ్రైవు సంఖ్య సాధారణముగా 8. ఉపకరణమును 9కి అమర్చియుంచి 8ని పిలిచినచో ఎవరు పలుకుదురు? పాత డ్రైవు, కొత్త ఉపకరణము రెండును 8గా ఉన్నచో ఇద్దరును ఒకేసారి పలుకుదురు, ఏ మాటయు అర్థము కాదు. 'ఫైల్ నాట్ ఫౌండ్' అన్నచో కథ వేరు. సంభాషణ జరిగినది, వస్తువు దొరకలేదు. తీగను మార్చుట వృథా. కార్డును చూడవలెను. 32 గిగాబైట్లకు మించిన కార్డులు ఎక్స్‌ఫాట్ అను పద్ధతిలో సిద్ధమై వచ్చును. ఈ ఉపకరణములు కోరునది పాత ఫాట్16, ఫాట్32 పద్ధతులు. ప్రతిరూపమును కార్డుపై ఉంచుట వేరు, దానిని 'డ్రైవులో పెట్టుట' వేరు. రెండవదానికి ప్రత్యేకమైన ఆజ్ఞ ఈయవలెను. ఇది మరచి ప్రతిరూపమునే ప్రోగ్రామువలె పిలిచి విసిగినవారు కలరు.

నాల్గవ మెట్టు: ఒకే ఫైలుగా నున్న సాధారణ ప్రోగ్రామును నడుపవలెను. అది నడిచి, పెద్ద ఆట మాత్రము మధ్యలో ఆగినచో దోషము శీఘ్రవాహకము దగ్గరకు గాని ప్రతిరూపము దగ్గరకు గాని చేరినది. అప్పుడు ఉపకరణము ఏ తరగతిదో గుర్తు చేసికొనవలెను. ఇంకొక సంగతి కూడ మరువరాదు. అమెరికా కమొడోర్ ప్రాసెసరు సెకనుకు 10.23 లక్షల స్పందనలతో నడుచును. ఐరోపా యంత్రము 9.85 లక్షలతో నడుచును. మైక్రోసెకనులు లెక్కించు ప్రోగ్రాము ఒక దేశపు యంత్రముపై నడిచి, మరొక దేశపు యంత్రముపై తప్పవచ్చును. అది డిస్కు దోషము కాదు.

సరిహద్దు ఎక్కడ?

ఈ క్రమము కమొడోరునకే పరిమితము కాదు. 1984లో మన దేశమున పాఠశాలలకు కంప్యూటరును పరిచయము చేయుటకై ఆరంభించిన 'క్లాస్' పథకములో బి.బి.సి. మైక్రో అను కంప్యూటరును వాడిరి. దానికి డిస్కును కలిపినప్పుడు, డిస్కును నడుపు నియంత్రక చిప్పు కంప్యూటరులోనే ఉండును. డ్రైవులో ప్రాసెసరు లేదు. కనుక డ్రైవునకు సూచనలు పంపి నడిపించు ప్రశ్నయే రాదు. నేడు దానికి గోటెక్ అను పెట్టెను తగిలింతురు. ఇది 34 తీగల పట్టీ ద్వారా పాత డ్రైవువలె నటించి, యు.ఎస్.బి. కడ్డీ నుండి చదువును. దాని చిక్కులు వేరు. పట్టీని తలక్రిందులుగా తగిలించినచో దీపము ఆరకుండ వెలుగుచునే ఉండును. డ్రైవును ఎన్నుకొను చిన్న బిళ్ళ తప్పు స్థానములో ఉన్నచో ఎంత పిలిచినను పలుకదు. పాత యంత్రము ఎక్కడ ముగిసి డ్రైవు ఎక్కడ ఆరంభమగునో, ఆ సరిహద్దును బట్టి అనుకరణపు బరువును, దోషము దాగు చోటును మారును.

ఉపాధ్యాయులు ఈ ఉదాహరణమును తరగతిలో వాడుకొనవచ్చును. దానికి పాత కంప్యూటరు ఎదుట ఉండవలసిన పనిలేదు. డి64 లెక్కను పలకపై వేయించవచ్చును. రెండు దోషసందేశములను వ్రాసి, ఒక్కొక్క దానిని బట్టి ఏయే భాగములు నిర్దోషులో విద్యార్థులచే చెప్పింపవచ్చును. దోషిని పట్టుటకంటె నిర్దోషులను ఒక్కొక్కరిగా విడిచిపెట్టుట సులభమని వారు గ్రహింతురు.

కొత్త ఉపకరణములు పాత యంత్రములకు ఆయుస్సు పోసినవనుటలో సందేహము లేదు. కాని వాటి యోగ్యతను కార్డులో ఎన్ని గిగాబైట్లు పట్టునన్న దానితో నిర్ణయింపరాదు. పాత డ్రైవు ఏమి ఇచ్చెడిదో, ఎట్లు ఇచ్చెడిదో, ఎంత సమయములో ఇచ్చెడిదో ఈ మూడింటిలో ఎన్నింటిని నిలుపుకొన్నదని అడుగవలెను. అమ్మువారు ఆ సంగతిని పెట్టెపై వ్రాసినచో కొనువారికి సగము చిక్కులు తప్పును. మిగిలిన సగము, మీట నొక్కుటకు ముందు మీటరును చేత పట్టినవారికి తప్పును.